రొయ్యా పోయింది, చేపా పోయింది

పోయిన వారం ఒక ఫిషింగ్ గైడ్, అంటే డబ్బు తీసుకుని జనాన్ని పడవలో చేపల వేటకి తీసుకెళ్లే ఆయన, రాసిన రిపోర్ట్ చదివాను. టెక్సాస్ తీరంలో గాల్వెస్టన్ వెస్ట్ బే అనే చిన్న అఖాతం సంగతి. నీళ్లు 88 డిగ్రీలు, ఆగ్నేయం నుంచి చిన్న గాలి, నీళ్లు పచ్చగా తేటగా ఉన్నాయట. పడవలో నలుగురు కస్టమర్లు, పొద్దున్నించి మధ్యాహ్నం లోపు ముప్పై రెండు రెడ్ ఫిష్. అన్నీ వదిలేశారట, అన్నీ హాయిగా ఈదుకుంటూ పోయాయట. కింద ఫొటోలు. ఒక్కొక్కరూ ఒక్కో చేపని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నవ్వుతున్నారు.

88 ఫారెన్‌హీట్ అంటే మన లెక్కలో 31 డిగ్రీలు. బకెట్లో అయితే గోరువెచ్చటి స్నానానికి పనికొస్తుంది. ఆ నీళ్లలో ముప్పై రెండు చేపలు పెనుగులాడి, పైకొచ్చి, ఫొటో దిగి, మళ్లీ నీళ్లలోకి వెళ్లాయి. వెళ్లడం వరకూ ఆయన చూశాడు, నిజమే. ఆ తర్వాత ఏమైందో ఎవరు చూశారు?

నేను హ్యూస్టన్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. ఎనిమిదేళ్లుగా గాలం వేస్తున్నాను. అందులో ఆరేళ్లు ఇలాంటి రిపోర్టులే మా వాట్సాప్ గ్రూపులో నేనూ పెట్టాను. "ఏడు పట్టాను, ఏడూ వదిలేశాను" అని రాయడంలో ఒక గొప్ప ఉంటుంది. చేపలు పట్టడం వచ్చినవాడినీ, మనసున్నవాడినీ అని ఒకే వాక్యంలో చెప్పుకోవచ్చు. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. మే చివరి నుంచి సెప్టెంబరు దాకా ఈ తీరంలో పట్టి వదిలేయడాన్ని దయ అనుకోవడం మానేశాను. తినడానికి కావలసినంత పట్టుకుని, గాలం చుట్టేసి ఇంటికి పోవడమే మేలని నా వాదన. ఇది చెప్పినంత తేలిక కాదు. ఎందుకు కాదో కూడా రాస్తాను.

నాన్న వచ్చిన ఆగస్టు

రెండేళ్ల కిందట మా నాన్న వచ్చారు. ఆయన కాకినాడ దగ్గర ఉప్పుటేరు పక్కన పెరిగిన మనిషి. చిన్నప్పుడు వెదురు కర్రకి దారం కట్టి, ఎర్రలు గుచ్చి గాలం వేసినవారు. తర్వాత బడిపంతులు ఉద్యోగంలో పడి గాలం వదిలేశారు గానీ, చేపని చూస్తే పేరూ ఊరూ చెప్పగలరు. ఆయన్ని టెక్సాస్ సిటీ డైక్‌కి తీసుకెళ్లాను. గాల్వెస్టన్ బేలోకి అయిదు మైళ్లు చొచ్చుకుపోయిన గట్టు అది. కారు చివరిదాకా వెళ్తుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అనువు. చెప్పులు విప్పొద్దని మాత్రం గట్టిగా చెప్పాను. ఆయనకి సుగర్ ఉంది, వేడెక్కిన ఉప్పునీళ్లలో విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది, చిన్న గాయం చాలు దానికి.

మొదటి గొడవ ఎర దగ్గరే వచ్చింది. దారిలో బెయిట్ షాపులో బతికిన రొయ్యలు కొన్నాను. బకెట్లో చిటుక్కు చిటుక్కుమని ఎగురుతున్నాయి. నాన్న ఒకదాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది ఎరకా? ఇది కూరకి రా!"

రెండో గొడవ హుక్ దగ్గర. నేను వాడేది సర్కిల్ హుక్. మొన దాని కాడ వైపే వంగి ఉంటుంది. చేప ఎర మింగి కదిలినప్పుడు అదే జారుకుంటూ వచ్చి మూతి మూలలో దిగుతుంది. మనం చేయాల్సిందల్లా ఏమీ చేయకుండా ఉండడం, మెల్లగా రీల్ చుట్టడం. నాన్నకేమో అరవయ్యేళ్ల కిందటి అలవాటు, దారం కదిలితే చాలు చటుక్కున పైకి లాగుతారు. లాగిన ప్రతిసారీ హుక్ ఖాళీగా వచ్చింది, రొయ్య పోయింది. "ఇదేం గాలం రా, లాగితే పడదంట!" అని విసుక్కున్నారు.

పదకొండు గంటలప్పుడు నా గాలానికి పెద్ద రెడ్ ఫిష్ పడింది. చేతిలో ఉన్నది సన్న దారం, తేలిక రాడ్. అది పరుగెత్తినప్పుడల్లా వదలడం, ఆగినప్పుడు చుట్టడం. పావుగంట పైనే పట్టింది. అందరూ చుట్టూ చేరారు. పైకి తెచ్చాక చూస్తే తోక మొదట్లో నల్లటి చుక్క, రాగి బిందెకి చింతపండు పెట్టి తోమినట్టున్న ఒళ్లు. చేతుల్లో ఉండగా కడుపులోంచి డుబ్ డుబ్‌మని చప్పుడు. నాన్న వెంటనే, "ఇది మన గొరక జాతేరా, అది కూడా ఇలాగే మూలుగుతుంది" అన్నారు. నిజమే, రెండూ ఒకే కుటుంబం. గాలి తిత్తి చుట్టూ ఉన్న కండరాలతో చప్పుడు చేస్తాయి. అందుకే దీని అసలు పేరు రెడ్ డ్రమ్.

టేపు పెట్టాను. 31 అంగుళాలు. ఫొటో తీయమని నాన్నకి ఫోన్ ఇచ్చాను. ఆయన కెమెరా బదులు ఇంకేదో నొక్కారు. మళ్లీ తీయించాను. ఎండ ఎదురుగా ఉందని ఇటు తిరిగాను. చివరికి వంగి నీళ్లలో వదిలాను. చేప ఒక్క క్షణం నిటారుగా ఉంది. తోక ఒకసారి ఊపింది. తర్వాత పక్కకి ఒరిగి, తెల్లటి పొట్ట పైకి తేలి, అలలతోపాటు బండరాళ్ల వైపు కొట్టుకొచ్చింది. పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించాను. పది నిమిషాలు ఆడించాను. లేవలేదు.

నాన్న ఏమీ అనలేదు. కారులో కూర్చున్నాక అన్నారు, "రొయ్యా పోయింది, చేపా పోయింది. తినడానికి కాకపోతే దాన్ని ఏడిపించడం దేనికిరా?"

వేడి నీళ్ల లెక్క

ఆ రాత్రి చదవడం మొదలుపెట్టాను. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తక్కువ ఇముడుతుంది. సముద్రపు నీళ్లు 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరుకు దాదాపు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 30 డిగ్రీల దగ్గర 6 మాత్రమే. అదే సమయంలో చేపకి అవసరం పెరుగుతుంది. దాని ఒంటి వేడి నీళ్ల వేడిని బట్టే ఉంటుంది కాబట్టి, వేడి నీళ్లలో ఊరికే ఉండడానికే ఎక్కువ ఆక్సిజన్ కావాలి. సరుకు తగ్గినప్పుడే ఖర్చు పెరిగిందన్నమాట. అలాంటి పూట దాన్ని పావుగంట పరుగెత్తించాను. పరుగెత్తినవాడి నోరూ ముక్కూ మూసి నిమిషం ఉంచినట్టు, ఫొటో కోసం గాలిలో నిలబెట్టాను.

తెల్లారుజామున చల్లగా ఉంటుంది కదా, అప్పుడు వేస్తే సరిపోతుందిగా అని మా ఫ్రెండ్ ఒకతను అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. లోతు తక్కువ ఉన్న బేలలో వ్యవహారం తిరగబడి ఉంటుంది. పగలు గడ్డీ నాచూ ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి అవే పీల్చుకుంటాయి. అందుకని గాలి ఆడని వేసవి రాత్రి తర్వాత, సూర్యుడు రాకముందు వేళకి నీళ్లలో ఆక్సిజన్ అడుగంటి ఉంటుంది. మనకి హాయిగా ఉన్న గంట చేపకి ఊపిరాడని గంట కావచ్చు. గాలి లేని రోజే మంచి రోజని మనమంటాం, రిపోర్టుల్లోనూ అలాగే రాస్తారు. అల లేచి, నీళ్లు కలిసి, కాస్త బురదగా ఉన్న రోజు చేపకి నయం.

పెదవికి హుక్ దిగి, రెండు నిమిషాల్లో పైకొచ్చి, నీళ్లలోంచి తీయకుండానే వదిలేసిన చేప వేసవిలో కూడా చాలావరకు బతుకుతుంది. ఈ మాట దాచిపెడితే నా వాదన అబద్ధమవుతుంది. గొంతులోనో పొట్టలోనో దిగినప్పుడే ముప్పు ఎక్కువ. అలాంటప్పుడు హుక్ పీకకుండా దారం కోసి వదలడమే మేలంటారు. కాబట్టి వదిలినవన్నీ చస్తాయని నేననడం లేదు. అన్నీ బతుకుతాయని వాళ్లు అనడమే నాకు నచ్చదు. చేపల సంఖ్య అంచనా కట్టే శాస్త్రవేత్తలు కూడా వదిలేసినవాటిలో కొంత శాతం చనిపోయినట్టే లెక్క వేసుకుంటారు. ఆ శాతం వాళ్ల కాగితాల్లో ఉంటుంది. మన ఫొటోల కింద ఎప్పుడూ ఉండదు.

2021 ఫిబ్రవరిలో ఇక్కడ మంచు పడి, బేలు గడ్డకట్టేంత చల్లబడ్డప్పుడు టెక్సాస్ తీరంలో కనీసం 38 లక్షల చేపలు చచ్చిపోయాయని రాష్ట్ర ప్రభుత్వ శాఖ లెక్క చెప్పింది. గట్ల పొడుగునా తెల్లగా తేలాయి, అందరం చూశాం, అందరం అయ్యో అన్నాం. తర్వాత స్పెకిల్డ్ ట్రౌట్ అనే ఇంకో చేప మీద ఆంక్షలు బిగిశాయి. 2024 మార్చి నుంచి మనిషికి రోజుకు అయిదు కాదు మూడే, అదీ 15 నుంచి 20 అంగుళాల మధ్యవి. చలి చంపినవి ఒక్కసారే కళ్లముందు తేలాయి కాబట్టి అందరికీ గుర్తున్నాయి. వేడిలో మనం చంపేవి ఒక్కొక్కటిగా, మన పడవ వెళ్లిపోయాక పోతాయి. కొన్ని అసలు తేలవు. వెస్ట్ బేలో పడవల వెనకాలే తిరిగే డాల్ఫిన్లకి వదిలేసిన చేప ఎంత సులువుగా దొరుకుతుందో బాగా తెలుసు.

చట్టమే వదలమంటే?

ఇక్కడే నా వాదనకి గట్టి దెబ్బ. నేను పట్టిన ఆ 31 అంగుళాల చేపని ఇష్టమున్నా లేకున్నా వదలాల్సిందే. రెడ్ ఫిష్ 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉంటేనే ఉంచుకోవాలి, రోజుకు మూడే. 28 దాటినదాన్ని ఉంచుకోవాలంటే లైసెన్సుతోపాటు వచ్చే ట్యాగ్ కట్టాలి, ఆ రోజు నా ట్యాగ్ అప్పటికే వాడేశాను. గాలానికి లైసెన్సేంటని నాన్న నవ్వారు గానీ, ఈ రూల్ వెనక అర్థముంది. చిన్నవి ఇంకా గుడ్లు పెట్టలేదు. పెద్దవి బే దాటి గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రంలోకి వెళ్లి గుడ్లు పెట్టేవి. ఆ రెంటినీ వదిలేసి మధ్యవాటిని తినమంటుంది చట్టం.

ఈ చట్టాల వల్లే రెడ్ ఫిష్ ఇవాళ ఉంది. 1980లలో న్యూ ఆర్లీన్స్ చెఫ్ పాల్ ప్రుడోమ్ వండిన బ్లాకెన్డ్ రెడ్ ఫిష్ దేశమంతా మోజు పుట్టించింది. గల్ఫ్‌లో వలలేసి ఊడ్చేశారు. టెక్సాస్ అంతకుముందే, 1981లో, ఇక్కడి రెడ్ ఫిష్‌నీ స్పెకిల్డ్ ట్రౌట్‌నీ పట్టి అమ్మడం ఆపేసింది. వదిలేయడమనే అలవాటు లేకపోతే ఇన్ని వేల గాలాలకి ఈ చేప ఏ మూలకీ సరిపోదని మా ఫ్రెండ్ అంటాడు. కాదనలేను.

కానీ సైజు చాలని చేప పొరపాటున పడితే వదలడం వేరు, వదలడానికే వెతుక్కుంటూ పోవడం వేరు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పెద్ద రెడ్ ఫిష్ గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి కట్టిన రాతి గట్లు, అంటే జెట్టీల దగ్గరికీ, శాన్ లూయిస్ పాస్ లాంటి, బే సముద్రంలో కలిసే చోట్లకీ వస్తాయి. ఇక్కడ వాటిని బుల్ రెడ్స్ అంటారు, ఆడదైనా సరే. ముప్పై పౌండ్లు తూగేవి ఉంటాయి. నీళ్లు ఇంకా వేడిగానే ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లో, సరిగ్గా ఆ చేపల కోసం, ఒక్క ఫొటో కోసం గట్టంతా నిండిపోతుంది. ఇంటికి తీసుకుపోయే ఉద్దేశం ఎవరికీ ఉండదు. కానుపుకి పుట్టింటికొచ్చిన ఆడపిల్లని గుమ్మంలో నిలబెట్టి పరుగు పందెం పెట్టినట్టుంటుంది నాకు.

ఆ పందెం కూడా సన్న దారంతో! స్పోర్ట్ అంటే చేపకి సమాన అవకాశం ఇవ్వాలి, లావు దారంతో లాగేస్తే మజా ఏముంది అని పాత చేయి తిరిగినవాళ్లు చెబుతారు. నేను చాలాకాలం అది మర్యాద అనుకున్నాను. వేడి నీళ్లలో ఆ మర్యాదే చేప ప్రాణం మీదకి తెస్తుంది. లావు దారం, గట్టి రాడ్, మూడు నిమిషాల్లో పని పూర్తి. మజా తగ్గుతుంది, ఒప్పుకుంటాను.

లోతులో పట్టే రెడ్ స్నాపర్ సంగతి ఇంకో రకం. వంద అడుగుల కిందనించి లాగేసరికి దాని గాలి తిత్తి ఉబ్బిపోయి, పొట్టసంచి నోట్లోంచి బయటికి వస్తుంది. అలా వదిలితే కిందకి దిగలేక పైనే తేలుతుంది. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ఒక చట్టం, గల్ఫ్‌లో అమెరికా కేంద్ర ప్రభుత్వం కిందున్న ఫెడరల్ జలాల్లో అలాంటి చేపల్ని వేటాడే పడవల్లో, ఆ గాలి తీసే సూది గానీ చేపని తిరిగి లోతుకి దించే పరికరం గానీ సిద్ధంగా ఉండాలని తప్పనిసరి చేసింది. వదిలేస్తే చాలదు, బతికేలా వదలాలని చట్టం కూడా ఒప్పుకున్నట్టే కదా.

జెల్ల

నాన్న ఉన్నన్నాళ్లూ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది రెడ్ ఫిష్ కాదు. జెల్ల. ఇక్కడ హార్డ్‌హెడ్ క్యాట్‌ఫిష్ అంటారు. వేసవిలో ఏ ఎర వేసినా ముందు అదే పడుతుంది. వీపు మీదా రెక్కల దగ్గరా విషపు ముళ్లుంటాయి, గుచ్చుకుంటే చేయి వాచిపోతుంది. జిగురు. ఎవరికీ అక్కర్లేదు. రెండోసారి డైక్‌కి వెళ్లినప్పుడు మా పక్కన ఒకాయన రెడ్ ఫిష్‌ని ముద్దుపెట్టుకుని మరీ నీళ్లలో వదిలాడు. పది నిమిషాల తర్వాత జెల్ల పడితే, ప్లయర్స్‌తో హుక్ పీకి, బూటుతో సిమెంటు మీదకి నెట్టేశాడు. అప్పటికే అక్కడ నాలుగున్నాయి. ఎండలో నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

తినదగిన చేపని అలా చావడానికి వదిలేయడం టెక్సాస్‌లో నేరం. ఆ సంగతి ఆయనకి తెలియదనుకోను. నేనేమైనా అన్నానా? అనలేదు. కొత్తవాళ్లతో గొడవెందుకని ఊరుకున్నాను. నాన్న మాత్రం లేచి వెళ్లి, తువ్వాలు చుట్టి ఒక్కోదాన్నీ పట్టుకున్నారు. కొన ఊపిరి ఉన్న మూడింటిని నీళ్లలో వేసి, కదలని రెండింటిని మా ఐస్ పెట్టెలో పడేశారు. పక్కాయన ఎగాదిగా చూశాడు. నాకు సిగ్గేసింది. ఎవరి తరఫున సిగ్గేసిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఇంటికొచ్చి ఆయనే ఉప్పూ బూడిదా అడిగారు, జిగురు పోవడానికి. బూడిద ఎక్కడ తేను? రాళ్ల ఉప్పూ నిమ్మకాయతో రుద్దారు. చింతపండు పులుసు, పచ్చిమిరపకాయలు, చివర్లో మెంతిపొడి. మా ఆవిడకి నీచు వాసన పడదు, కిటికీలన్నీ తెరిచింది. రెండు పూటలు తిన్నాం.

మనవాళ్ల ఫ్రీజర్లు

తినేంతే పట్టుకోమని నేనంటే గ్రూపులో ఒకరు చురక వేశారు. "మనవాళ్లకి తినేంత అంటే ఎంతో తెలుసా?" అన్నారు. న్యాయమైన మాటే. నలుగురం వెళ్తే మనిషికి మూడు చొప్పున పన్నెండు. శుభ్రం చేసి జిప్‌లాక్‌లలో పెట్టి, తేదీ రాసి ఫ్రీజర్లో దూరుస్తాం. ఆరునెలల తర్వాత ఇల్లు మారేటప్పుడు మంచుకట్టిన ఆ పొట్లాలు చెత్తకుండీలోకి పోతాయి. నా ఇంట్లోనే పోయాయి. వదిలేసిన చేపకి బతికే అవకాశమన్నా ఉంది, ఫ్రీజర్లోదానికి అదీ లేదు. కాబట్టి రోజుకు మూడని చట్టం అన్నంత మాత్రాన మూడూ తేవాలని లేదు. మా ఇంట్లో నలుగురికి ఒక 23 అంగుళాల రెడ్ ఫిష్ రెండు పూటలకి సరిపోతుంది.

చేప పట్టడమే హింస, నువ్వు అందులో న్యాయం వెతుకుతున్నావా అని మా శాకాహారి బావగారు అడిగారు. ఆయనకి నా దగ్గర జవాబు లేదు. గాలం వేయడం నాకిష్టం, అంతే. ఆ ఇష్టానికి ఎంత ఖర్చవుతోందో నాకు తెలియాలి.

2025 జూలైలో అనకాపల్లి జిల్లా పూడిమడక నుంచి వేటకెళ్లిన మత్స్యకారుడొకరిని గాలానికి చిక్కిన కొమ్ముకోనాం చేప సముద్రంలోకి లాక్కుపోయిన వార్త వచ్చినప్పుడు నాన్న ఫోన్ చేశారు. అలాంటి చేపల్నే ఫ్లోరిడాలో పెద్ద మొత్తం చెల్లించి పడవ మాట్లాడుకుని, పట్టి వదిలేస్తారని నేనెప్పుడో చెప్పాను, అది గుర్తుంది ఆయనకి. "అక్కడ ఆటరా, ఇక్కడ బువ్వ" అని ఊరుకున్నారు. నేను రెండింటి మధ్యలో ఎక్కడున్నానో ఆయన అడగలేదు.

ఈ జూలైలో ఒక శనివారం ఫ్రెండ్‌తో కలిసి వెస్ట్ బేకి వెళ్లాను. ఈమధ్య బ్యాగులో థర్మామీటర్ ఉంచుకుంటున్నాను. ఆరున్నరకి చూస్తే 86. ఏడున్నరకల్లా ఒక రెడ్ ఫిష్, 23 అంగుళాలు, ఐస్‌లో పెట్టాను. దారం చుట్టేసి, పెట్టె మీద కూర్చుని పులిహోర పొట్లం విప్పాను. "అప్పుడేనా? ఇవాళ భలే పడుతున్నాయి!" అన్నాడు ఫ్రెండ్. ఇంకో నాలుగు పట్టాడు. నిజం చెప్పొద్దూ, అతని రాడ్ వంగినప్పుడల్లా నా చేతులు దురదపెట్టాయి. పులిహోర రుచి కూడా సరిగ్గా తెలియలేదు.

నాలుగోది పెద్దది. 28 దాటేలా ఉంది. ఫొటో తీయమని ఫోన్ నా చేతికిచ్చాడు. నీళ్లలోంచి ఎత్తకపోతేనే తీస్తానన్నాను. గొణుక్కుంటూ మోకాళ్ల లోతులో వంగి, నీళ్లలోనే హుక్ తీశాడు. నేను తీసిన ఫొటోలో అతని టోపీ, మోచేయి, నీళ్ల కింద మసకగా ఒక రాగి రంగు, తోక మీద నల్ల చుక్క, అంతే ఉన్నాయి. చేప చెయ్యి విదిల్చుకుని పోయింది. సాయంత్రం గ్రూపులో పెడితే మొదటి మెసేజ్ వచ్చింది.

"చేప ఏదీ?"